టాఫీ బిస్కెట్లూ పక్కింటి పళ్లెమూ

ఆండర్సన్‌పేటలో టాఫీ బిస్కెట్లు కాల్చడంలో నన్ను మించినవాడు లేడు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. ఈ ఉదయం మా కోడలు ఓవెన్ ట్రే తెచ్చి నా ముందు పెట్టింది. "మామా, నీ బిస్కెట్ల మరక ఇంగా పోలేదు. నువ్వే గీకు" అంది. చెంచా పుచ్చుకుని కూర్చున్నాను. నల్లగా, బండలా అతుక్కుని ఉంది. పోయిన క్రిస్మస్ నాటిది.

ఏటా క్రిస్మస్‌కు పక్కింటి అక్క స్టీలు పళ్లెం నిండా కేకు పెట్టి పంపేది. వచ్చిన పళ్లెం ఖాళీగా వెనక్కి పోకూడదు కదా, మా ఆవిడ అందులో నూనెలో కాల్చిన నిప్పట్లు పెట్టి పంపేది. పోయిన క్రిస్మస్‌కు మాత్రం అలా కుదరదని నాకు అనిపించింది. అక్క ఇల్లు ఖాళీ చేసి బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది, ఆ మధ్యాహ్నమే మారికుప్పంలో బయల్దేరే బెంగళూరు రైలుకు ప్రయాణం. ఇక ఆ పళ్లెం మళ్లీ మా గడప తొక్కదు. ఆఖరిసారి నిప్పట్లతో పంపుతామా? "టాఫీ బిస్కెట్లు నేను కాలుస్తా" అన్నాను. "పాలు కాంచేదానికే రాదు నీకు" అంది మా ఆవిడ. నేను అప్పటికే మైదా డబ్బా మూత తీస్తున్నాను.

వెన్న, చక్కెర, మైదా కలపడం వరకూ రాజాలా సాగింది. టాఫీలను గోనెపట్టాలో చుట్టి సుత్తితో బాదాను. బంగారు గనిలో రాయి పగలగొట్టిన చేతులివి అని కోడలికి చెప్పాను. నిజానికి నేను పనిచేసింది గని స్టోరులో, రాయి పగలగొట్టేవాళ్లకు సుత్తులు అందిస్తూ. మొదటి వాయిలో టాఫీ కరిగి ట్రే అంతా పారింది, బిస్కెట్లన్నీ కలిసి ఒకే చెక్క అయ్యాయి. ఊడదీయబోతే ట్రేనే లేచి వచ్చింది. ఒళ్లు మండి, రెండో వాయికి ఇంకో ట్రే తీసి, టాఫీని పొడి కొట్టాను. అది పిండిలో కలిసి మాయమైంది, బిస్కెట్ల అంచులు మాత్రం శ్రద్ధగా మాడాయి. మూడో వాయి లోపల పెట్టగానే కరెంటు పోయింది. ఓవెన్‌ను తిట్టాను, కరెంటును తిట్టాను, టాఫీ కనిపెట్టినవాణ్ణి పేరు తెలియకుండానే తిట్టాను. "టైమైతాండాది, నిప్పట్లు పెట్టి ఇచ్చేద్దాం రాయ్యా" అని మా ఆవిడ. చివరికి మొదటి వాయి చెక్కనే చెంచాతో పెళ్లగించి, ముక్కలు చేసి పళ్లెంలో పేర్చాను.

ఇక దాచి లాభం లేదు. అంతకుముందు నేను బిస్కెట్టన్నది కాల్చి ఎరగను. గనులు నడిచే రోజుల్లో పేటలో కట్టెల బట్టీ బేకరీ ఒకటి ఉండేది. వాళ్ల రొట్టెలు దించాక మిగిలిన వేడిలో, పండగల ముందు ఇళ్లవాళ్లు తమ పిండి తెచ్చి కాల్చుకునేవారు. అక్క మొగుణ్ణి నేను బావా అని పిలిచేవాణ్ణి, ఇప్పుడు లేడు. ఆయన టాఫీ బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని ఆ బేకరీలోంచి బయటికి వచ్చేవాడు. ఆ వాసన కోసమే నేను ఎదురుగా నిలబడేవాణ్ణి, ఆయన ఒకటి తీసి నా చేతిలో పెట్టేవాడు. నా పాండిత్యమంతా అదే.

పళ్లెం పట్టుకుని నేను వెళ్లేసరికి అక్క వాకిట్లో మూటల పక్కన కుర్చీలో కూర్చుని ఉంది, ఆటో వచ్చి నిలబడి ఉంది. పళ్లెం చేతికిచ్చి, "అక్కా, బావ చేతి పని. ఆయన్ని చూసి నేర్చుకునిందే" అన్నాను. ఒక ముక్క కొరికింది. కటుక్కుమంది. దవడ పట్టుకుని నా వైపు చూసింది.

"ఎవురి చేతి పని? మీ బావకు పొయ్యి అంటించేదే తెలీదు. ఆయప్ప డబ్బా మోసినాడు, అంతే. పిండి కలిపింది నేను, ఆ సెగలో నిలబడి కాల్చింది నేను. టాఫీ ముందే ఏస్తారా ఎవురన్నా? దించే ముందర పైన చల్లల్ల. ఇన్నేండ్లు గోడకు అవతలే ఉంటినే, ఒక్కనాడన్నా అడిగితివాప్పా?"