గంగమ్మకు మంచినీళ్ళు

1956, వైశాఖం, బుధవారం. స్థలం: భావనపాడు ఎదుట లంగరు వేసిన తెరచాప పడవ. ఉన్నవారు: పడవ నడిపే సరంగు, అతని చేతికింద ఒక కలాసీ, ఉప్పు బస్తాల కాపలాకు షావుకారు పంపిన గుమాస్తాను నేను.

కెరటాలు పెద్దవి కావడంతో ఒడ్డు నుంచి మంచినీళ్ళు తెచ్చే తెప్పలు రావడం మానేశాయి. కళ్ళెదుటే కొబ్బరితోటలు, వాటి నడుమ నూతులు. మా పీపాలో మాత్రం నీళ్ళు అడుగంటాయి. అటువంటి రోజుల్లో కూడా సరంగు పొద్దున్నే ఒక చెంబు మంచినీళ్ళు పడవ ముక్కు మీద పోసి దండం పెట్టేవాడు. గంగమ్మకట. చుట్టూ ఉన్న సముద్రం ఆవిడకు చాలలేదు కాబోలు.

"సరంగు మావా, ఆవిడకు నీళ్ళకేం లోటు?" అన్నాను.

"ఎల్లకాలం ఉప్పునీట్లోనే ఉంటాది గదా బాబూ. ఆ తల్లికి మంచినీల్లు తాగాలని ఉండదేటి?"

"రోజూ పోత్తే జలుబు సేత్తాది మావా," అన్నాడు కలాసీ.

సరంగు నవ్వలేదు. దేవతల ఆరోగ్యం సంగతి అతనికి మాకంటే బాగా తెలుసు. మేం దాహంతో పోతే ఆ పుణ్యంలో వాటా ఇప్పిస్తాడేమో అడుగుదామనుకుని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున పీపా వంచితే ఒక్క చెంబే వచ్చింది. సరంగు దాన్ని మూడు వాటాలు వేశాడు. ఒకటి పడవ ముక్కు మీద పోశాడు. ఒకటి కలాసీకిచ్చాడు, ఒకటి గ్లాసులో పోసి నాకిచ్చాడు.

"మరి నీకో?"

"నాను రేతిరే తాగీసినాను బాబూ."

రాత్రి పీపాకు ఆనుకుని పడుకున్నది నేనే. పైగా అతని పెదాలు పగిలి నెత్తురు కనిపిస్తోంది. అన్నేళ్ళు సముద్రం మీద తిరిగినా, నమ్మేలా ఒక్క అబద్ధం చెప్పడం నేర్చుకోలేదు. నేను సగం తాగి గ్లాసు అతని చేతిలో పెట్టాను.

"ఇది గంగమ్మకి కాదు," అన్నాను.

పడవ ముక్కు వైపు ఒకసారి చూసి, ఆ తల్లికి కనబడకుండా ఇటు తిరిగి గడగడా తాగేశాడు.