కారే కట్ట

పోయిన నెల ఒక ఆదివారం, ఖానాపురం హవేలిలోని మా ఇంటి వరండాలో మా అమ్మాయి లా పరీక్షకు చదువుకుంటోంది. పైకి చదివితేనే తలకెక్కుతుందని దాని నమ్మకం. మా వీధివాళ్ళకు ఈపాటికి న్యాయశాస్త్రం సగం వచ్చేసి ఉంటుంది. ఒకే నది రెండు దేశాల గుండా పారితే, ఎగువవాళ్ళు ఏం కట్టినా దిగువవాళ్ళకు ముందే చెప్పాలట. వాళ్ళకు చెప్పుకోదగ్గ నష్టం చేయకూడదట. నీళ్ళు న్యాయంగా పంచుకోవాలట. "ఈ మూడు ముక్కలు ఒప్పుకోవడానికి దేశాలకు ఎన్నేళ్ళు పట్టిందో తెలుసా నాన్నా?" అంది. తెలియదన్నాను. కాగితం ముక్క లేకుండా వాటిని పాటించిన రెండు ఊళ్ళు నాకు తెలుసనీ, ఆ ఒప్పందాన్ని చెడగొట్టింది నేనేననీ మాత్రం అనలేకపోయాను.

మన రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న రోజులవి. సత్తుపల్లి పక్క మాగాణులు తప్ప ఎరగని నన్ను, చిన్ననీటి పనులు చూసే వర్క్ ఇన్‌స్పెక్టరుగా చర్ల దాటి అడవిలోకి పంపారు. జీపు ఆగిపోయిన చోటు నుంచి రెండు గంటల నడక. ఎండాకాలం పొద్దుటిపూట ఇప్పపూల వాసన ఎంత చిక్కగా ఉండేదంటే, నడుస్తూనే సగం నిద్రలోకి జారుకున్నట్టుండేది. దూరంగా వాగు చప్పుడు వినబడేది గానీ, అది నిజంగా వాగో, చెవిలో మిగిలిన కలో తెలిసేది కాదు. అక్కడ ఊరి పెద్దాయన ఇంట్లో నా మకాం. నా సర్వే సామాను మూడుకాళ్ళ స్టాండు మీద ఆయన కోళ్ళు పడుకునేవి. నేను అదిలిస్తే, "పోనీ సారూ, పగలంత నువ్వు వాడుకుంటివి గద" అనేవాడు.

వాగు ఆ ఊరు దాటి, మెలిక తిరిగి ఛత్తీస్‌గఢ్‌లోకి పోతుంది. అక్కడ ఇంకో ఊరు. రెండు ఊళ్ళదీ ఒకటే కోయ భాష, ఒకటే చుట్టరికం. సరిహద్దు రాయి మేకలు ఒళ్ళు రుద్దుకోవడానికి తప్ప ఎవరికీ పనికొచ్చేది కాదు. ఏటా నీళ్ళు సన్నబడే వేళకు ఇరు ఊళ్ళవాళ్ళూ కలిసి వాగుకు అడ్డంగా గుంజలు పాతి, తడికలు అల్లి, ఆకులు, ఇసుక దట్టించి కట్ట కట్టేవాళ్ళు. మట్టి మాత్రం వేయకూడదు. ఆకుల సందుల్లోంచి కారే నీళ్ళు దిగువ ఊరి వాటా. కట్ట పూర్తయ్యాక దిగువ ఊరి తరఫున ఒక మనిషి కింద నీళ్ళలో నిలబడాలి. చీలమండ మునిగితే లెక్క సరిపోయినట్టు. పెద్దాయన కూతుర్ని ఆ ఊరికే ఇచ్చారు, అందుకని ఆ నిలబడే మనిషి ఆమే. నేను చూసిన మొదటి ఏడు, చీర కొంచెం ఎత్తిపట్టుకుని, కళ్ళు మూసుకుని, నీళ్ళు చెప్పేదేదో వింటున్నట్టు చాలాసేపు నిలబడింది. తర్వాత "సరిపోయింది అయ్యా" అంది. వానలొచ్చే దాకా కట్ట కాపలా పెద్దాయనదే. అది దిగువ ఊరికి ఆయన ఇచ్చిన మాట.

నాకు మాత్రం ఆ కట్ట చేతగానివాళ్ళ పనిలా కనిపించింది. రెండో ఏడు మా పైఅధికారి తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. నిండుగా నీళ్ళు నిలిచిన కట్ట చూపించి మెప్పు పొందాలని నా ఆశ. మట్టి వేద్దామంటే పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు సారూ. గా కారేది మనది కాదు, కిందోళ్ళది." ఆ వారమే ఆయన కంటి ఆపరేషన్‌కు భద్రాచలం దవాఖానాకు పోయాడు. నేను బయటి కూలీలను పిలిపించి, ప్లాస్టిక్ పట్టా పరిపించి, జిగట మట్టి మెత్తించాను. చుక్క కారలేదు. అధికారి భుజం తట్టాడు.

పదో రోజున పెద్దాయన కూతురు ఎండిన వాగులో నడుచుకుంటూ వచ్చింది. దిగువన కూర మళ్ళన్నీ మాడిపోయాయట, పశువులు చెలమల చుట్టూ మూగుతున్నాయట. పెద్దాయన కంటికి పచ్చగుడ్డతో అప్పుడే దవాఖానా నుంచి వచ్చి కూర్చున్నాడు. "నువ్వుండంగనే గిట్ల అయ్యిందా అయ్యా?" అంది. ఆయన తడుముకుంటూ కట్ట దాకా పోయి మట్టి మీద చెయ్యి పెట్టాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఊపిరి చప్పుడుకో ఏమో, నా వైపు తిరిగాడు. నేను ఇంకో అడుగు వెనక్కి వేశాను. ఆయన ఒక్కడే చేతులతో మట్టి పెళ్ళగించడం మొదలుపెట్టాడు.

తర్వాత నీళ్ళు ఆపేశారని అవతలి రాష్ట్రం నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆఫీసువాళ్ళు సంజాయిషీ అడిగితే, "గ్రామ పెద్ద చెప్పగా గ్రామస్తులే మట్టి వేశారు" అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం రెండు రాష్ట్రాల ఫైళ్ళలోనూ చేరింది, దానితోపాటు రెండు ఊళ్ళ నోళ్ళలోకీ. ఆ మరుసటి ఏడు కట్ట కట్టేటప్పుడు దిగువ నుంచి ఎవరూ రాలేదు. నీళ్ళలో నిలబడే మనిషి లేక, పెద్దాయన తానే దిగి నిలబడి, ఏమీ అనకుండా ఒడ్డెక్కాడు. వానాకాలం రాకముందే నేను బదిలీ చేయించుకున్నాను.

మా అమ్మాయి చదివిన ఆ ఆదివారం తర్వాత రెండో రోజు, ఆ దిగువ ఊరికని బస్సెక్కాను. పెద్దాయన కూతురి తల నెరిసింది, పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. ఆ మట్టి నేనే వేయించానని, ఆ కాగితం అబద్ధమని చెప్పాను. ఆమె చేటలో ఇప్పపూలు ఏరుతూనే అంది: "అడిగితే అయ్య నేనే ఏసిన అన్నడు సారూ. కాపలా నాది గద, తప్పు గూడ నాదే అన్నడు. నేను నమ్మిన. అయ్య సచ్చిపోయినప్పుడు గూడ పోలే."

నేను నీళ్ళు ఆపింది పది రోజులే. మాట ఆపింది ఇరవై ఏళ్ళు. ఇప్పుడు దాన్ని వదిలాను గానీ, అది చేరవలసిన పెద్దాయనను కాలం ఎప్పుడో ఈ లోకం దాటించేసింది.