పరదా గురించి మేడమ్ అన్న మాట

మొన్న ఆదివారం మా ఆవిడ సువర్ణ హాల్లో కొత్త పరదాలు వేసింది. గంజి వదలని బట్ట వాసన, కిటికీలోంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఘాటు, రెండూ కలిసి ముక్కుకు తగులుతున్నాయి. స్టూలు దిగి, పరదా కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇనుప కడ్డీ మీద రింగులు సర్రున జారాయి. నేను చాయ్ కింద పెట్టి, ఆ కడ్డీనే చూస్తుండిపోయాను. "ఏంది, దెయ్యాన్ని చూసినట్టు గట్లయినవ్?" అంది. వేరే రోజైతే దెయ్యం ఊరూ పేరూ కూడా చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం రింగుల చప్పుడు నన్ను కామేశ్వరి గారి సినిమా దగ్గరికి లాక్కుపోయింది.

ఆమె మా అపార్ట్‌మెంట్‌లోనే, మా కింది అంతస్తులో ఉండేవారు. భీమవరం వైపు మనిషి, మేమంతా మేడమ్ అనేవాళ్ళం. ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వచ్చి, అక్కడి లైబ్రరీలోనే రిటైరయ్యారు. విదేశీ యంత్రాలతో వచ్చే పుస్తకాలు చదవడానికని ఫ్రెంచి నేర్చుకున్నారట. ఇక నేను ముత్తంగివాణ్ణి, వాల్వులు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టు చూసేవాణ్ణి. నా అసలు పని మాత్రం కోతలు కోయడం. ఒకసారి లిఫ్టు దగ్గర నలుగురిని ఆపి, మంజీరా ఒడ్డున మొసలి నా టిఫిన్ డబ్బా ఎత్తుకుపోయిందనీ, మర్నాడు తిరిగిచ్చి కూరలో ఉప్పు తక్కువైందని మందలించిందనీ చెబుతున్నాను. అందరూ నవ్వారు. మేడమ్ మాత్రం సంచీ కింద పెట్టి అడిగారు.

"మొసలి మాట్లాడిందన్నావు, నమ్మాను నర్సింలూ. డబ్బా మూత ఎవరు తీశారు?"

నేను గాలిలోనే మూత తిప్పి చూసుకున్నాను.

"అబద్ధమైనా సరే, ముందు నువ్వు కళ్ళారా చూడాలి. చూశాక చెప్పు" అని లిఫ్టెక్కి వెళ్ళిపోయారు. ఆ రాత్రంతా మూత గురించే ఆలోచించాను. నాలుగు మాటలు పేర్చి నవ్వించేవాణ్ణి కథ చెప్పేవాడిగా చేసింది ఆ ఒక్క ప్రశ్నే. తర్వాత ప్రతి కొత్త కథా ముందు ఆమె గుమ్మం దగ్గర చెప్పి, పాసైతేనే ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు తీసుకుపోయేవాణ్ణి.

రిటైరయ్యాక ఆమె మా సెల్లార్‌లో, కార్లు పక్కకు తీయించి, స్తంభాల మధ్య దుప్పటి కట్టి, అప్పుడప్పుడూ ఆదివారం మధ్యాహ్నాలు సినిమాలు వేసేవారు. పరాయి భాషల సినిమాలు. మైకు పట్టుకుని పక్కనే తెలుగులో చెప్పేవారు. తర్వాత గొంతుకు ఆపరేషనైంది. మాట గుసగుసగా మిగిలింది, చెవి ఆనిస్తే తప్ప వినపడదు. ఇక సినిమాలు ఆగిపోయాయనుకుంటుండగా నన్ను పిలిచారు.

"ఒక్కటి మిగిలిపోయింది. ప్రేమ కథ, పాతది. పెళ్ళికి ముందు చూశాను" అన్నారు. "చివర్లో ఒక పరదా ఉంది. దాని గురించి నేననుకునేది నలుగురిలో చెప్పాలని ఎప్పటినుంచో కోరిక. మా ఆయనకి సినిమాలు పడేవి కావు. లైబ్రరీలో మాట్లాడకూడదు. ఇప్పుడు మాట్లాడదామంటే ఇదీ సంగతి" అని గొంతు మీద వేలు పెట్టుకుని నవ్వారు.

"మీరేం పరేషాన్ కాకుండ్రి మేడమ్. మీరు గుసగుస అంటే నేను గడగడ చెప్త."

"గడగడ వద్దు. నేనన్నది అన్నట్టు చెప్పు చాలు."

సినిమా మొదలైంది. ఫ్రాన్సులో ఒక ఓడరేవు. అక్కడ బట్టలు కుట్టే అమ్మాయి, ఓడ మీద పనిచేసే అబ్బాయి. చలికాలానికల్లా వస్తానని వెళ్ళినవాడు ఏళ్ళు గడిచినా రాడు. ఆమె పెళ్ళి చేసుకోదు, జుట్టు నెరుస్తుంది. మేడమ్ నా చెవిలో చెబితే నేను మైకులో చెప్పాను. మధ్యలో కాస్త మసాలా వేస్తే ఆమె నా మోకాలి మీద తట్టేవారు. ఆఖరికి అతను వస్తాడు. వానలో ఆమె కిటికీ కింద నిలబడతాడు. ఆమె వచ్చి చూస్తుంది, చాలాసేపు చూస్తుంది. తర్వాత పరదా లాగేస్తుంది. రింగుల చప్పుడు. అంతే, సినిమా అయిపోతుంది.

సెల్లార్ గొడవ గొడవైంది. ఎకరాల కొద్దీ పొలమున్న ఆసామి బాల్‌రాజ్ పటేల్ కుర్చీలోంచి లేచాడు. "తప్పు పోరనిదే! ఇంతదూరమొచ్చి తలుపు కొట్టకపాయె. కిందనే మొకం సూస్కుంట నిలవడితె ఎవలు తీస్తరు?"

రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడ వెల్డరుగా స్థిరపడిన వీర్రాజు గారు ఒప్పుకోలేదు. "అది కాదండీ పటేలు గారూ. ఆవిడ జుట్టు నెరిసిపోయింది కదా. ఆ మొహం చూపించలేక వేసేసిందండి."

"మరి ఆయనేమన్న పడుసు పోరడా? ఆయనది బట్టతల గాదా?"

అందరూ నవ్వుతుంటే వెనక నుంచి మా సువర్ణ గొంతు వినిపించింది. "పరదా ఏసింది గని, దీపం ఆర్పలేదు గదా."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. సినిమా అంతా నా నోటితో నడిపిన నేను ఆ దీపాన్ని చూడనే లేదు. మేడమ్ సువర్ణ వైపు తిరిగి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. నా భార్యకు దక్కిన ఆ చప్పట్లు చూసి ఈర్ష్య పడ్డానంటే నమ్ముతారా? పడ్డాను.

అప్పుడు మేడమ్ వంతు వచ్చింది. నా చెవి దగ్గరికి వంగారు. ఏలకుల వాసన, వెచ్చటి ఊపిరి. రెండు మూడు వాక్యాలు చెప్పారు. నేను వినలేదు. ఆ దీపాన్ని మించిన మాట ఏం చెప్పాలా అని నాలో నేను కూర్చుకుంటున్నాను. ఆమె ఆగగానే మైకు అందుకున్నాను. "మేడమ్ ఏమంటుండ్రంటే... ఆడదాని గుండె ఓడరేవసొంటిది! ఎన్ని ఓడలన్న వస్తయ్, పోతయ్. గని ఒక్కసారి లంగరు తెగినంక, గా రేవుల ఇగ ఏ ఓడా ఆగదు!"

సెల్లార్ దద్దరిల్లింది. "వాహ్ మేడమ్!" అని పటేల్ ఈల వేశాడు. మేడమ్ తల తిప్పి నన్ను చూశారు. తర్వాత అందరి వైపూ తిరిగి, కాదు కాదు అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపారు. పొగడ్తకు సిగ్గుపడుతున్నారనుకున్నారు జనం. ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆమె ఇంకా గట్టిగా చెయ్యి ఊపారు. పక్కనే మైకు పట్టుకుని ఉన్నాను నేను. "అది మేడమ్ మాట కాదు" అంటే సరిపోయేది. అనలేదు. కాసేపటికి ఆ చెయ్యి ఒళ్ళోకి దిగిపోయింది.

దుప్పటి మడతపెట్టేటప్పుడు ఆమె ఒక కొస పట్టుకున్నారు, నేనొక కొస. తిట్టలేదు. తిడితే బాగుండేది. కొసలు కలపడానికి దగ్గరికి వచ్చినప్పుడైనా ఏమన్నారని అడగాల్సింది, అడగలేదు. అడిగితే వినలేదని ఒప్పుకున్నట్టవుతుంది కదా.

ఆ తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఆసుపత్రిలో చూడబోయేసరికి ఆ గుసగుస కూడా లేదు. భయమేసి, మొసలి కథ ఎత్తుకున్నాను. ఈసారి మూత మొసలి భార్య తీసిందని చెప్పాను. భుజాలు కదిలేలా నవ్వారు. తర్వాత చెయ్యెత్తి, గాలిలో పరదా లాగినట్టు పక్కకి లాగారు. పెదాలు కదిపారు. ఆగి, నా మొహంలోకి చూసి, మళ్ళీ కదిపారు. నాకు ఒక్క ముక్కా అందలేదు. అర్థమైనట్టు తలూపాను.

తృప్తిగా కళ్ళు మూసుకున్నారు. నోరు విప్పకుండా నేనాడిన అబద్ధం అదొక్కటే. అంతకంటే పెద్దది మళ్ళీ ఆడలేదు. వారం తిరక్కుండానే ఆమె పోయారు.

ఇప్పటికీ క్యాంటీన్‌లో ఆ సినిమా చెప్పమంటారు. చెబుతాను. పటేల్ గొంతుతో పటేల్ మాట, వీర్రాజు గారి యాసలో ఆయన మాట, దీపం మాట మా సువర్ణదేనని పేరుపెట్టి మరీ చెబుతాను. మసాలా వేయను. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "మరి మేడమేమన్నది, నర్సింలన్నా?"

ఎన్నో మాటలు నాలుక మీదికి వస్తాయి. అన్నీ నావే. చెయ్యి అడ్డంగా ఊపుతాను. వాళ్ళను ఊరిస్తున్నాననుకుంటారు. "అన్న కావాల్నని ఆపుతుండు రా!" అని బల్లలు చరిచి చప్పట్లు కొడతారు.