తలుపు బయట నా గొంతు

నా బిడ్డ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

అండమాన్‌లోని మాయాబందర్‌లో మా ఇల్లు. మా ఆయన చేపల వేటకు వెళ్లారు. ఇంట్లో నేను, అత్త, నాలుగేళ్ల గౌరి. దానికి జ్వరం. అంతకుముందు కూడా ఒకసారి మలేరియా వచ్చింది. గజగజ వణికింది, ఒళ్లు కాలింది, చెమట పట్టగానే లేచి గంజి అడిగింది. మందులతో తగ్గిపోయింది. ఇదీ అలాంటిదేలే అనుకున్నాను.

కాదు...

ఆ రాత్రి గంజి మింగలేదు. కూర్చోబెడితే మెడ వాల్చేసింది. వల లాగి వచ్చినవాళ్లలా రొప్పుతోంది. పిలిస్తే కళ్లు తెరిచింది. నన్ను చూసింది. చూసి...

"నువ్వెవలు? మా యమ్మ బయటున్నాది," అంది.

కరెంటు లేదు. చూరు నీళ్లు టప్... టప్... అప్పుడు వినబడింది.

"గౌరీ..."

నా నోరు మూసే ఉంది. అయినా అది నా గొంతే. తలుపు అవతలి నుంచి...

రాత్రిపూట అలా పేరు పెట్టి పిలుపు వస్తే, మా ఇంట్లో తలుపుకు వల కట్టేస్తారు. తెల్లారేదాకా విప్పరు. అత్త కూడా ఆ పిలుపు విన్నది, మూలనున్న వల తెచ్చి కట్టేసింది.

"తియ్యకే! తీస్తే పిల్లని అట్టుకుపోద్ది."

"ఇంట్లో ఉంచితే దక్కుద్దా అత్తా?"

అంతలో గౌరి కొయ్యలా బిగుసుకుంది. కళ్లు తేలేసింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఫిట్స్! నాకు ఒళ్లు మండింది. కొట్టుకోవడం ఆగగానే పిల్లను భుజాన వేసుకుని, చేపల కత్తితో వలను పరపరా కోసేశాను. మా ఆయన వల!

గడియ తీశాను. నెట్టినా తలుపు కదల్లేదు. అవతల ఎవరో పట్టుకున్నట్టు... మెల్లగా... లోపలికి నెడుతున్నట్టు...

"ఎవలైనా సరే! నేనే అయినా సరే! అడ్డు తప్పుకో!"

తన్నాను. తెరుచుకుంది. ఎవరూ లేరు.

పక్కింటి భయ్యా ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రక్తం చూసి, వెంటనే ఇంజెక్షన్ ఇచ్చారు.

"ఇది మామూలు మలేరియా కాదు దీదీ. దిమాగ్‌కి ఎక్కింది. సుబహ్... తెల్లారేదాకా ఆగుంటే..." అన్నారు డాక్టరు, గౌరి రెప్పలు ఎత్తి చూస్తూ.

మెదడుకెక్కితే పిల్లలు మనుషుల్ని గుర్తుపట్టరట. నమ్మాను. వానకు చెక్క ఉబ్బి తలుపు బిగుసుకుందేమో. అదీ ఒప్పుకుంటాను. మరి జ్వరం లేని అత్త కూడా ఆ గొంతు ఎలా విన్నది? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆసుపత్రి మంచం మీద గౌరి కళ్లు తెరిచింది. నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపుకు మాత్రం నిజంగా భయపడ్డాను.

"అమ్మా... లోపలికి ఎప్పుడొచ్చినావు?"

"నేనెక్కడికీ పోలేదే," అన్నాను. "పోను కూడా."