పన్నెండో వరసలో పాఠాలు

మా వేర్‌హౌస్‌లో పైనుంచి ఏదైనా కింద పడితే ముందు ఊడ్చేస్తారు, తర్వాత మీటింగు పెడతారు. మేం వలసొచ్చిన ఈ దేశంలో, మనురేవా అనే ఊళ్ళో మోటర్‌వేకి ఆనుకుని ఉంటుంది మా షెడ్డు. టమాటా డబ్బాలు, వంటనూనె, కుక్కల తిండి కప్పు దాకా పేర్చి ఉంటాయి. పసుపు జాకెట్లు వేసుకుని అందరం నెలవంకలా నిలబడతాం. మేనేజరు చేతులు కట్టుకుని, ఆసుపత్రిలో మాట్లాడినంత మెత్తగా అడుగుతాడు: "సో, వాట్ డిడ్ వి లెర్న్?"

అంతవరకూ లెర్న్ అంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే. సంగీతమో, డ్రైవింగో ఒకరు నేర్పుతారు, ఇంకొకరు నేర్చుకుంటారు. ఈ ఊరి లెర్న్‌కి గురువుతో పని లేదు. ఏదో ఒకటి విరగాలి, ఒలకాలి, కుదరకపోతే ఎవరి కాలో నలగాలి. అప్పుడు తనంతట తనే వస్తుంది. పైగా 'నువ్వు' అనరు, 'మనం' అంటారు. గుద్దేది ఒకడు, నేర్చుకునేది షెడ్డంతా. ఇంత ఉదారమైన క్రియాపదాన్ని నేనింకెక్కడా చూడలేదు.

కాకినాడలో మా ఇంట్లో ఇదే ప్రశ్న "బుద్ధొచ్చిందా?" అనే రూపంలో ఉండేది. మా అమ్మ అట్లకాడ కింద పెట్టకుండా అడిగేది. "వచ్చింది" అంటే కేసు కొట్టేసేవారు. ఇక్కడ అలా కుదరదు. ఏం వచ్చిందో వివరంగా చెప్పాలి.

నాతోపాటు పక్క ఊరు పాపకూర నుంచి ఒకే కార్లో వచ్చే అన్నకి ఈ మీటింగులంటే మొదటినుంచీ అనుమానం. సొంత అన్న కాదు, కరీంనగర్ వైపు మనిషి. ర్యాకుల పై అరల్లోంచి ప్యాలెట్లు, అంటే సరుకు పేర్చిన చెక్క పలకలు, దించే బండి నడుపుతాడు. నేను డిస్పాచ్‌లో కంప్యూటరు ముందు కూర్చుంటాను. ఎంబీఏ చేసినందుకు కుర్చీ ఇచ్చారు.

"ఏం నేర్చుకున్నవంటే ఏం చెప్పాలె తమ్మీ? తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు కాదా?"

"ఎవరి తప్పూ కాదంటున్నారుగా అన్నా."

"ఎవరిది కాదంటే ఎవరి మీదనో ఒకరి మీద పడుతది. నువ్వు జూడు."

అన్న వీసా మీద ఈ కంపెనీ పేరుంది, ఉద్యోగం పోతే అదీ పోతుంది. ఇక్కడే ఉండిపోవడానికి పెట్టుకున్న రెసిడెన్సీ దరఖాస్తు ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గరుంది. అది తేలేదాకా అన్న తుమ్మాలన్నా మేనేజరు మొహం చూసి తుమ్ముతాడు.

చలికాలం మొదట్లో ఒక డ్రైవరు బండిని వెనక్కి తిప్పుతూ పన్నెండో వరసలో ర్యాకుని మోసే ఒక ఇనప స్తంభాన్ని అడుగున గుద్దాడు. స్తంభం కాస్త లోపలికి నొక్కుకుపోయింది. కాస్తే. మీటింగు పెట్టారు. అందరూ బూట్ల వంక చూసుకుంటున్నారు. ప్రశ్న కనిపిస్తే జవాబు రాయకుండా ఉండలేని చదువు నాది. మెల్లగా నడపాలని, వెనక చూసుకోవాలని, చూడగానే చెప్పాలని మూడు పాయింట్లు చెప్పాను. "బ్యూటిఫుల్" అన్నాడు మేనేజరు. స్తంభానికి పసుపు స్టిక్కరు అంటించారు. గుద్దినవాడు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. అతను నేర్చుకున్నది మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.

కొన్ని వారాలకి అదే వరసలో పైనుంచి టమాటా డబ్బాలు రాలాయి. కింద ఎవరూ లేరు. సిమెంటు నేల మీద ఎర్రగా పరుచుకున్న దాన్ని చూసి అందరం నవ్వాం, కొంచెం గట్టిగానే. ఆ రోజు మేం నేర్చుకున్నది, ప్యాలెట్లకి ప్లాస్టిక్ ఇంకో చుట్టు ఎక్కువ చుట్టాలని. డబ్బాలున్న అడ్డ కమ్మీ ఎందుకు ఒక పక్కకి వంగిందన్నది ఆ రోజు సిలబస్‌లో లేదు.

ఓ పొద్దున టీ టైముకి అన్న నన్ను పన్నెండో వరసలోకి తీసుకెళ్ళాడు. అడ్డ కమ్మీని స్తంభానికి పట్టి ఉంచే చిన్న ఇనప పిన్ను నేల మీద పడి ఉంది.

"నిన్న గూడ ఇట్లనే పడ్డది. నేనే పెట్టిన. మల్ల ఊడింది."

"వదులైపోయిందేమో."

"వదులైతే చెయ్యితోని దూరాలె. సుత్తెతోని కొట్టిన తమ్మీ. లోపల్నుంచి ఏదో నూకుతున్నది."

నేను పైకి చూశాను. నూనె డబ్బాల ప్యాలెట్లు, ఒకదాని మీదొకటి, కప్పు దాకా. కంటికి అంతా నిటారుగానే ఉంది. కాకపోతే నేనెందుకో తల కొద్దిగా పక్కకి వంచి చూస్తున్నాను.

"మేనేజరుకి చెప్పావా?"

"నువ్ చెప్పు. నీకు రెసిడెన్సీ వచ్చింది, నీ నోటికి బలముంటది."

చెప్పాను. మేనేజరు శ్రద్ధగా విన్నాడు. మంచివాడు, నిజంగానే. నా భుజం తట్టి, ఇంజనీరుని రమ్మన్నామని, వచ్చే వారం వస్తాడని, అందాకా జాగ్రత్తగా పని చేసుకోవచ్చని అన్నాడు. "గ్రేట్ లెర్నింగ్, మేట్" అని కూడా అన్నాడు. లెర్నింగ్‌ని ఇక్కడ పుచ్చకాయలా ముక్కలుగా పంచుతారు. నాకొకటి దక్కింది. వచ్చే వారం వచ్చింది, ఇంజనీరు రాలేదు. ఇంకో వారం కూడా అలాగే వచ్చింది.

అన్న మిగతా వరసల్లో పాటలు పాడుతూ బండి నడుపుతాడు. పన్నెండులోకి వెళ్ళేటప్పుడు పాట ఆపేసేవాడు. బయటికొచ్చాక మళ్ళీ అందుకునేవాడు కాదు. కార్లో ఇంటికెళ్తూ ఓ రోజు, ఏ సందర్భం లేకుండా, "కారు నా పేరుమీదున్నది గని, తాళం ఇంకోటి మీ వదిన దగ్గరున్నది" అన్నాడు. తనకేదైనా అయితే కారు ఎలా తెచ్చుకోవాలో చెప్తున్నాడని ఇల్లు చేరాక తట్టింది.

ఓ సోమవారం అన్న ధైర్యం చేసి, నడుం నొప్పని, కొన్నాళ్ళు ట్రక్కులు లోడు చేసే పనిలో వెయ్యమని అడిగాడు. మేనేజరు వెంటనే ఒప్పుకున్నాడు. చాలా రోజులకి అన్న ఆ ఉదయం మధ్యలో ఆపకుండా పాడటం విన్నాను. టీ టైము కాకముందే పాట ఆగింది.

లేబర్ కంపెనీ నుంచి కొత్తగా ఒక ఫిజీ ఇండియన్ అంకుల్ వచ్చాడు. తెల్ల మీసాలు, ఇస్త్రీ చేసిన ప్యాంటు. మేనేజరు ఆయన్ని నా టేబుల్ దగ్గరికి తెచ్చి పరిచయం చేశాడు. "హి ఈజ్ కీన్ టు లెర్న్" అన్నాడు. అంకుల్ నాకు దండం పెట్టాడు. తర్వాత ఆయన, అన్న ఇదివరకు నడిపిన బండెక్కి, పన్నెండో వరస వైపు మెల్లగా, చాలా మర్యాదగా తిప్పాడు.

నేను కుర్చీలోంచి లేచేలోపు లోడింగు వైపు నుంచి అన్న తన చిన్న ఫోర్క్‌లిఫ్ట్‌తో వచ్చాడు. పన్నెండో వరస మూతి దగ్గర దాన్ని అడ్డంగా పెట్టి ఇంజను ఆపేశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"క్యా హువా భాయ్?" అన్నాడు అంకుల్.

"కుచ్ నై అంకుల్. ఆరామ్ సే బైఠో."

మేనేజరు వచ్చాడు. బండి తియ్యమని నవ్వుతూ అడిగాడు. రెండోసారి నవ్వకుండా అడిగాడు. నడుం నొప్పి ఇవాళ బాగా ఎక్కువగా ఉందనీ, కదల్లేననీ అన్న ఇంగ్లీషులో చెప్పాడు. మేనేజరు నిట్టూర్చి, బండి పక్కనుంచి సందు చేసుకుని వరసలోకి తనే నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. పైకి చూశాడు. అంత పెద్ద షెడ్డులో పైన ఎక్కడో చిన్నగా, పళ్ళు నూరినట్టు, ఇనుము చప్పుడు చేసింది. మేనేజరు వెనక్కి తిరగలేదు. కరిచే కుక్క ముందు నుంచి వచ్చినట్టు, చూపు పైనే ఉంచి, వెనక్కి వెనక్కి నడిచి బయటికొచ్చాడు. మొహం తెల్లగా ఉంది. ఆయనది మామూలుగా కూడా తెల్లమొహమే, అయినా తేడా తెలిసింది.

పది నిమిషాల్లో పన్నెండో వరసకి ఎర్ర టేపు కట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నని మాత్రం మధ్యాహ్నం ఆఫీసుకి రమ్మన్నారు. చెప్పిన మాట వినకుండా దారికడ్డంగా బండి ఆపినందుకు, ఊరికే ఒక మాట మాట్లాడదామని. ఆందోళన పడేదేమీ లేదనీ, కావాలంటే తోడుగా ఒకర్ని తెచ్చుకోవచ్చనీ అన్నారు. ఈ దేశంలో తోడు తెచ్చుకోమన్నారంటే ఆందోళన పడొచ్చని అర్థం. అన్న నన్ను తెచ్చుకున్నాడు.

ఆఫీసు బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. గౌరవంగా ఉంటుందని అన్న పసుపు జాకెట్టు విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. అద్దంలోంచి షెడ్డంతా కనిపిస్తోంది.

"వీసా క్యాన్సిల్ చేస్తరా తమ్మీ?"

"అంత దూరం పోదులే."

"పోతే పోనీ తియ్." అన్న అద్దం దగ్గరికి మొహం పెట్టాడు. "గా పన్నెండు ర్యాకు వెనక ఉన్నది ఏందే?"

"పదకొండు."

"రెండూ వీపుకు వీపు పెట్టి బోల్టులతోని బిగించిన్రు కదా. ఇది పడితే అది నిలబడతదా?"

నేనూ అద్దంలోకి చూశాను. పదకొండో వరసలో ఇద్దరు మనుషులు డబ్బాలు లెక్కపెట్టుకుంటున్నారు. ఒకడు స్తంభానికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. వాళ్ళ వైపు టేపు లేదు.

ఆఫీసు తలుపు తెరుచుకుంది. మేనేజరు చిరునవ్వుతో మమ్మల్ని లోపలికి రమ్మన్నాడు. అన్న అప్పటికే లేచి, అటు తిరిగి, జాకెట్టు తొడుక్కుంటూ షెడ్డులోకి, పదకొండో వరస వైపు పరిగెడుతున్నాడు.