రెండు సుడుల కచేరీ

మా బావకి మనుషులు వెనక నుంచి తెలుసు. ఎదురుగా వస్తే తెలియదు. బతుకంతా సెలూన్ కుర్చీ వెనక నిలబడి పనిచేసిన మనిషికి ముఖాలతో పెద్దగా అవసరం పడలేదు. రోడ్డు మీద తెలిసినవాడు ఎదురైతే పరాయివాణ్ణి చూసినట్టు చూసి దాటిపోతాడు. దాటిపోయాక అలవాటుగా వెనక్కి తిరిగి, ఆ తల చూసి, "అయ్యో, మీరా అండీ, బాగున్నారా?" అంటూ వెంటపడతాడు. ఒకసారి మా అక్క జడ మానేసి ముడి వేసుకుని బజారుకి వెళ్ళింది. ఆమె పక్కనే నిలబడి టమాటాలు ఏరుకుని, ఒక్కడే ఇంటికి వచ్చేశాడు. అక్క ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు, మమ్మల్నీ మరిచిపోనివ్వదు.

నాది ఆయన సెలూన్ పక్కనే కళ్ళజోళ్ళ దుకాణం. బావ కళ్ళు నేనే పరీక్షించాను. చూపులో ఏ లోపమూ లేదు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో కొందరు ఆయన చూపుని అనుమానిస్తారు. అందులో నా దుకాణం పరువు కూడా ఉంది.

కుర్రతనంలో బావకి ఒక రాక్ బ్యాండ్ అంటే ప్రాణం. ఆయనకేమిటి, వాళ్ళ పాటలంటే లోకమంతా చెవి కోసుకునేది. నాకు మాత్రం ఆ రోజుల్లోనూ, ఈ రోజుల్లోనూ అది ఇనపసామాన్ల కొట్టు మెట్ల మీద నుంచి దొర్లినట్టే వినబడుతుంది. ఎవరి చెవులు వాళ్ళవి. ఆ బ్యాండ్ వాళ్ళు మా ఊరికి ఒకే ఒక్కసారి వచ్చారు. స్టేడియంలో కచేరీ. అప్పటికింకా పని నేర్చుకుంటున్న బావ పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడ్డాడు. లోపలికి తోసుకుంటూ పోయి, వేదిక బాగా కనబడే చోటు పట్టుకున్నాడు. సరిగ్గా పాట మొదలయ్యే సమయానికి ఒక తాడిచెట్టంత మనిషి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

భుజాలు తలుపు రెక్కంత వెడల్పు. పక్కకి జరుగుదామంటే అటు జనం, ఇటు జనం. మొదటి పాట నుంచి చివరి పాట దాకా బావ చూసింది ఆ మనిషి తల వెనక భాగం. అంతే. వేదిక లేదు, గాయకుడు లేడు, గిటారు లేదు. పాటకి ఊగుతూ ఆ మనిషి తల వెనక్కి వాల్చినప్పుడల్లా నడినెత్తి కూడా కనబడేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చూసినదాన్ని మాత్రం బావ క్షుణ్ణంగా చూశాడు. ఆ తలకి రెండు సుడులు. ఒకటి కుడికి తిరిగింది, ఒకటి ఎడమకి తిరిగింది, రెండూ కలిసే చోట జుట్టు తోడికోడళ్ళలా ఎడమొహం పెడమొహంగా నిలబడింది. ఎడమ చెవి వెనక వెంట్రుక మొలవని చంద్రవంక మచ్చ. మెడ దగ్గర ఎవడో చేతకానివాడు వంకరగా గొరిగాడు. ఆ వంకర తలుచుకుని బావ ఇప్పటికీ బాధపడతాడు.

"కచేరీ ఎలా జరిగింది బావా?" అని అడిగాను ఒకసారి.

"కుడి సుడి చాలా బాగుందిరా. ఎడమది కాస్త పైకి ఉండాల్సింది," అన్నాడు.

ఇంకొక సంగతి నాకొక్కడికే చెప్పాడు. ఆఖరి బస్సు తప్పిపోయిన మనిషి మీద ఆ బ్యాండ్‌ది ఒక పాట ఉంది. అభిమానులందరూ దాన్ని బస్సు పాట అంటారు. బావ వెళ్ళింది ఆ పాట కోసమే. తీరా అది మొదలయ్యాక, ఎంత నిక్కి చూసినా ఆ తలే అడ్డం వచ్చేసరికి దుఃఖం ఆగలేదట. చెయ్యి పైకెత్తి కళ్ళు తుడుచుకునే చోటు కూడా లేదు. ఆ మనిషి మెడకి ముఖం ఆనించి పాట అయ్యేదాకా ఏడ్చాడు. "మీ అక్కకి చెప్పకు," అన్నాడు. ఈ రోజు వరకూ చెప్పలేదు.

మంగళవారం సెలూన్‌కి సెలవు. ఆ మధ్యాహ్నం 'చూసినవాళ్ళ సంఘం' అక్కడ కూడుతుంది. ఆ కచేరీ కళ్ళారా చూసినవాళ్ళ సంఘమన్నమాట. రిటైరైన బస్సు కండక్టరు గారు దానికి అధ్యక్షుడు. స్టేడియంలో పట్టే జనం కంటే మేమక్కడ ఉన్నామని చెప్పేవాళ్ళే మా ఊళ్ళో ఎక్కువ. ఇదెలా కుదురుతుందని కండక్టరు గారిని ఒకసారి అడిగాను. "లోపలికి జరిగితే ఎంతమందైనా పడతారు బాబూ," అన్నాడాయన.

సంఘానికి అన్నిటికంటే ముఖ్యం ఆ రోజు పడిన వాన. బస్సు పాట మధ్యలో వాన వచ్చిందట. గాయకుడు తడుస్తూనే పాడాడట. కండక్టరు గారు తన గొడుగు వేదిక మీదకి అందిస్తే గాయకుడు ముట్టుకుని, వద్దని నవ్వి, తిరిగిచ్చాడట. అప్పటినుంచి ఎంత వాన కురిసినా ఆయన ఆ గొడుగు తెరవలేదు. చంకలో పెట్టుకుని తడుస్తూ ఇంటికి పోతాడు. సంఘంలో ఉన్న ప్లంబరుదైతే ఇంకా పెద్ద కథ. ఆ వానలో ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయీ, ఆయనా ఒకే ప్లాస్టిక్ పట్టా కింద దూరారట. ఆ అమ్మాయే ఇప్పుడు ఆయన భార్య. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు అవి చినుకులే. నాకు పెళ్ళయ్యేనాటికి కుంభవృష్టి అయింది. ఈ మధ్య వడగళ్ళు కూడా పడుతున్నాయి.

బావ ఇన్నేళ్ళూ వాళ్ళకి కుర్చీలు వేసి, టీ తెప్పించి, నోరు మూసుకుని వింటూ వచ్చాడు. వడగళ్ళ దగ్గర మాత్రం ఓర్పు తప్పింది.

"వడగళ్ళు కాదు కదా, అసలు వానే పడలేదండీ," అన్నాడు. "నా ముందున్న తల పొడిగా ఉంది."

కండక్టరు గారు ఒంటికాలి మీద లేచాడు. "తల చూసి వాతావరణం చెబుతావా?"

"నా పనే అది కదండీ. తడి జుట్టుకీ పొడి జుట్టుకీ తేడా తెలీదా నాకు?"

"వేదిక మీద ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పలేవు. వాన కూడా లేదంటావు. నువ్వసలు వచ్చావా అని నా అనుమానం. నీ కళ్ళు ఒకసారి చూపించుకో."

చివరి మాటకి నాకు చిర్రెత్తుకొచ్చింది గానీ, సంఘం అప్పటికే తీర్మానించేసింది. వచ్చే మంగళవారం బావ వాన పడిందని ఒప్పుకోవాలి, లేదా తను కచేరీకి వచ్చినట్టు సాక్షిని తేవాలి. రెండూ కాకపోతే సంఘం నుంచి తీసేస్తారు.

"తీసేస్తే మీరంతా ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగాను.

"ఇక్కడే బాబూ. ఇన్ని కుర్చీలు ఇంకెక్కడున్నాయి? మీ బావ తాళం తీసిచ్చి ఆ పూట బయట బల్ల మీద కూర్చుంటాడు," అన్నాడు కండక్టరు గారు. ఇందులో వింతేముందన్నట్టు మిగతావాళ్ళు తలలూపారు. మా బావ కూడా ఊపాడు.

 వాళ్ళు వెళ్ళాక గట్టిగా అడిగాను. "నీ సెలూన్‌లోంచి నిన్నే గెంటేస్తారా? తాళం వేసి పొమ్మనక, ఆ తల ఊపడమేంటి?"

"పొమ్మంటే ఎలారా?" అన్నాడు బావ, దువ్వెనలు కడుగుతూ. "ఆ పాట గురించి మాట్లాడేవాళ్ళు వాళ్ళు తప్ప నాకెవరున్నారు? రేడియోలో వస్తే మీ అక్క కట్టేస్తుంది. నువ్వు చెవులు మూసుకుంటావు. వాళ్ళు చెబుతుంటే నాకు వేదిక కనబడుతుంది. గాయకుడు ఏ చేత్తో మైకు పట్టుకున్నాడో వాళ్ళు చెబితేనే నాకు తెలిసింది. బయట బల్ల మీదకి ఏం వినబడుతుంది?"

"అయితే వాన పడిందని ఒక్క మాట అనేయ్. నీ సొమ్మేం పోయింది?"

"చూడనిదాన్ని చూశానని ఎలా అంటాను? అలా అనగలిగేవాణ్ణయితే మొదటి రోజే గాయకుణ్ణి చూశాననేవాణ్ణి కదా."

నిజమే. ఆ మనిషి నోట అబద్ధం రాదు. జుట్టు రాలుతోందని ఏడ్చే కస్టమరుకి కూడా, "అవునండీ, పోతోంది," అని చెప్పే రకం.

శనివారం నా దుకాణంలో ఒక పెద్దావిడ చేత అక్షరాలు చదివిస్తున్నాను. పక్క నుంచి బావ కేక. "ఒరేయ్, ఇటు రా. ఉన్నపళంగా రా." ఆవిణ్ణి మూడో వరసలో వదిలేసి పరిగెత్తాను.

కుర్చీలో ఒక భారీ మనిషి, మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని కూర్చుని ఉన్నాడు. బావ ఆయన నడినెత్తి మీద వేలు పెట్టి నాకు చూపించాడు. రెండు సుడులు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. జుట్టు పలచబడింది గానీ తగవు తీరలేదు. ఎడమ చెవి వెనక చంద్రవంక.

"ఏమైందండీ? పేలా?" అని అడిగాడు ఆ మనిషి, అద్దంలో మా ఇద్దర్నీ చూసి.

బావ వేలు తియ్యలేదు. నేనే అడిగాను. ఆయన ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు ఆపరేటరు. రోజంతా జనానికి వీపు చూపించి నిలబడే ఉద్యోగం. ఆ కచేరీకి వెళ్ళాడు, ముందు వరసలకి దగ్గరగానే నిలబడ్డాడు. మంగళవారం వచ్చి ఈ మాటే చెప్పమని బావ బతిమాలితే, చూద్దామండీ, కుదిరితే వస్తాను అన్నాడు. ఆ 'కుదిరితే' బావకి నచ్చలేదు. కుడివైపు జుట్టు కత్తిరించి, సుడుల దాకా వచ్చి కత్తెర కింద పెట్టేశాడు.

"మిగతాది మంగళవారమండీ."

"ఇప్పుడే పూర్తి చేసేయొచ్చు కదండీ."

"చేస్తే మీరు రారు."

లిఫ్టు ఆయన మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పాడు. "అదీ నిజమే," అని, సగం తల మీద యూనిఫారం టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంత మెత్తటి మనిషిని నేనింతవరకూ చూడలేదు. నా దుకాణంలో పెద్దావిడ అప్పటికి మూడో వరస కంఠతా పట్టేసింది.

మంగళవారం సంఘమంతా హాజరు. లిఫ్టు ఆయన టోపీ తీసి కుర్చీలో కూర్చున్నాడు. బావ మిగతా సగం మొదలుపెట్టాడు. కండక్టరు గారు గొడుగు చంకలో పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"కచేరీకి వచ్చారా మీరు?"

"వచ్చానండీ."

"అన్నీ బాగా కనబడ్డాయా?"

"శుభ్రంగా కనబడ్డాయండీ. నా ముందు అంతా పొట్టివాళ్ళే."

కత్తెర ఒక క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"వాన పడింది కదా?"

"లేదండీ. నక్షత్రాలు కూడా కనబడ్డాయి."

 కండక్టరు గారు చంకలో గొడుగుని ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. ప్లంబరు ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. "మరి మేమిద్దరం పట్టా కింద ఎందుకు దూరినట్టు? మా ఆవిడకి ఇప్పుడేం చెప్పను?" అన్నాడు, ఎవరినీ అడగనట్టుగా. అప్పుడు నాకు కూడా, ఎందుకో తెలియదు గానీ, ఆ వాన పడి ఉంటే బాగుండుననిపించింది.

లిఫ్టు ఆయన తన వల్ల ఏదో పాడైందని గ్రహించినట్టున్నాడు. మెడ గోక్కుంటూ అన్నాడు. "కానీ ఒకటండీ. ఇంటికెళ్ళేసరికి నా కాలరు వెనకవైపు ముద్దగా తడిసి ఉంది. ఎందుకు తడిసిందో నాకిప్పటికీ తెలీదు."

"తడిసిందా?" కండక్టరు గారి ముఖంలోకి ప్రాణం వచ్చింది. గబుక్కున బావ వైపు తిరిగాడు. "నువ్వు ఈయన వెనకే ఉన్నావు కదా. అది మేం ఒప్పుకుంటున్నాం. ఇంక నిన్నెవరూ తీసెయ్యరు. ఆ కాలరు మీద పడిందేమిటో చెప్పు."

ఆ కాలరు మీద ఏం పడిందో తెలిసినవాళ్ళం ఆ గదిలో ఇద్దరమే. నిజం చెప్పినా బావ చోటు బావకి ఉంటుంది. పోయేది వాన ఒక్కటే. చెప్పేయ్ బావా, ఈ గొడుగుల బాధ వదిలిపోతుంది అని నాలుక చివరిదాకా వచ్చింది.

బావ తలెత్తి అద్దంలోకి చూశాడు. ముఖాలు చూడని మనిషి, ఆ రోజు అందరి ముఖాలూ చూశాడు. కండక్టరు గారి ముఖం, ప్లంబరు ముఖం, చివరికి నాది. నన్ను చూసి, ఊరుకోమన్నట్టు కళ్ళు వాల్చాడు.

"వానేనండీ," అన్నాడు. "బస్సు పాటతో మొదలైంది. పాట అయ్యేదాకా ఆగలేదు."

ఆ తరవాత జరిగిన గోల చెప్పలేను. ఎవరో బావని కావలించుకున్నారు. ప్లంబరు వాళ్ళావిడకి చెప్పాలని చెప్పులు కూడా మరిచి పరిగెత్తాడు. కండక్టరు గారు గొడుగు తెరిచాడు. ఇన్నేళ్ళ తరవాత, సెలూన్ లోపల, ఫ్యాను కింద. తుప్పు పట్టిన ఊచలు కిర్రుమన్నాయి, చిల్లుల్లోంచి వెలుతురు కిందపడింది. దాన్ని అలాగే పట్టుకుని ఆయన వీధిలోకి నడిచాడు. ఎండ దంచేస్తోంది. మిగతావాళ్ళు దాని కిందకి దూరాలని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వెళ్ళారు.

ముగ్గురం మిగిలాం. బావ జుట్టు పూర్తి చేశాడు. మెడ దగ్గర ఆ పాత వంకర లేకుండా, గీత గీసినట్టు దిద్దాడు. తరవాత అందరికీ చూపించినట్టే చేతి అద్దం వెనక పట్టుకున్నాడు.

"ఇదండీ నేను చూసిన కచేరీ," అన్నాడు.

లిఫ్టు ఆయన తన సుడుల్ని చాలాసేపు చూసుకున్నాడు. కాలరు మీది వెంట్రుకలు బావ బ్రష్‌తో దులుపుతుంటే, చెయ్యి వెనక్కి పోనిచ్చి ఆ చోటు తడుముకున్నాడు.

"వెచ్చగా ఉండిందండీ ఆ వాన," అన్నాడు.