మాబమ్మవ్వ మధ్యాహ్నపు నిద్ర

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. ధర్మవరంలో మా వీధి పిల్లలు పట్టుకు రంగులు వేసే పాడుబడిన షెడ్డు వైపు పోవాలంటే వణికేవాళ్ళు. బంతి అందులో పడితే తెచ్చేది నేనే. అందుకు బదులుగా ఇంకో రెండు ఓవర్లు బ్యాటింగ్ నాదే. ఇప్పుడు హిందూపురంలో పిల్లలకు బయాలజీ చెబుతున్నాను. ఎవరైనా దయ్యం ఊసెత్తితే నవ్వేస్తాను.

అయినా ఈ ఒక్క సంగతి చెప్పాలి. పైగా ఇందులో చచ్చినవాళ్ళెవరూ లేరు. ఇందులో ఉన్నావిడ ఆ రోజు శుభ్రంగా బతికే ఉంది. పొద్దున రాగిసంగటి తిని, పప్పులో ఉప్పు ఎక్కువైందని మా అమ్మను తిట్టింది కూడా.

రెండువేల అయిదులో నేను ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండులో ఉత్తరాన ఒక చిన్న ఊరికి పోయాను. నాయన పట్టుచీరలు నేస్తాడు. ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకటి అమ్మి నన్ను పంపాడు. ఫీజుకు ఆ డబ్బు సరిపోయింది. తిండికీ గది అద్దెకూ మాత్రం నేనే ఏదో ఒక పని వెతుక్కోవాలి. చదువుకునేవాళ్ళు వారానికి ఇరవై గంటలు పని చేసుకోవచ్చని రూలు. రూలైతే ఉంది గానీ పనే లేదు.

ముందు ఒక హోటల్లో చేరాను. మొదటి రోజే ఆరు ప్లేట్లు ఒకేసారి మోయబోయి ఆరూ పగలగొట్టాను. రెండో రోజు రావద్దన్నారు. తర్వాత ఇంటింటికీ కరపత్రాలు వేసే పని. ఒక కుక్క తరిమింది. ఆ వీధికి వేయాల్సిన కాగితాలన్నీ ఆ కుక్కకే సమర్పించి పరిగెత్తాను. మిగతా చోట్లంతా నా బయోడేటా తీసుకుని, చక్కగా నవ్వి, ఫోన్ చేస్తామన్నారు. ఫోన్ చేస్తామంటే చెయ్యరని నాకు అర్థమయ్యేసరికి రెండు నెలలు గడిచాయి.

గది ఇచ్చినామె మంచిదే, కానీ ఎంతకాలం ఆగుతుంది? నెలాఖరుకు పని దొరక్కపోతే చదువు మధ్యలో వదిలేసి ఇంటికి పోవడమే. ఇంట్లో అమ్మేసిన మగ్గం చోట, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంత ఖాళీగా కనిపిస్తుంది. చేతిలో డిగ్రీ లేకుండా పోయి ఆ గుంత పక్కన కూర్చోవాలన్న ఆలోచన వస్తే చాలు, నాకు ఏడుపు ఆగేది కాదు.

అప్పుడు కాలేజీ నోటీసు బోర్డులో ఒక చీటీ చూశాను. దగ్గర పల్లెలో పాత మగ్గాల మీద పట్టు నేసే చిన్న కార్ఖానా ఉందట. పడుగు అతకడం చేతితో చేయగలిగిన మనిషి వారానికి రెండు రోజులు కావాలట. ఎగిరి గంతేశాను.

పడుగు అతకడమంటే ఏమిటో చెప్పాలి. మగ్గం మీద నిలువు పోగులు అయిపోవస్తుంటే చివర కొంచెం మిగిల్చి, కొత్త పోగులు ఒక్కొక్కటీ పాతవాటికి మెలిపెట్టి కలుపుతారు. వందల పోగులు, ఒక్కటి తప్పినా గుడ్డ పాడవుతుంది. ముడి వేయరు, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలి మాత్రమే తిప్పుతారు. మా నాయనమ్మ మాబమ్మవ్వ ఈ పనిలో మొనగత్తె. కంటిచూపు మసకబారేదాకా మా పేటలో ఏ ఇంట పడుగు మారినా అవ్వకే కబురొచ్చేది.

అవ్వ పని చూసి మేం నవ్వుకునేవాళ్ళం. ఎప్పుడో తలుపు సందున పడి ఆమె కుడి చూపుడువేలు బిగుసుకుపోయింది. అందుకని బొటనవేలితో, నడిమివేలితోనే మెలి తిప్పేది. చూపుడువేలు మాత్రం ఎవర్నో చూపిస్తున్నట్టు నిటారుగా నిలబడేది. పక్కన టెంకాయ చిప్పలో బూడిద, రొండిన ముక్కుపొడి డబ్బీ. ముక్కుపొడి పీల్చి తుమ్మేది. తుమ్మితే చెడు శకునమని చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుని, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టేది.

ఇంతా చూశాను గానీ నేను ఒక్క పోగు అతికిన పాపాన పోలేదు. దగ్గరికి పోతే చాలు, "చెయ్యి పెట్టొద్దే, పోయి సదువుకో పో" అని తరిమేది. అయినా ఈ పనికి ఇచ్చిన బయోడేటాలో చిన్నప్పటి నుంచీ ఇదే పని చేశానని రాసేశాను. రోజూ చూసిన పనే కదా, వచ్చేస్తుందిలే అనుకున్నాను.

కార్ఖానా యజమాని డొరతీ అనే పెద్దావిడ. తెల్ల జుట్టు, ముక్కు చివర కళ్ళద్దాలు. మంగళవారం పొద్దున పదిగంటలకు నన్ను ఒక సన్నపాటి మగ్గం ముందు కూర్చోబెట్టి, ఇది అతికి చూపించమంది. అప్పుడు మన దగ్గర మధ్యాహ్నం మూడున్నర.

మొదటి పోగు తెగింది. రెండోదీ తెగింది. డొరతీ కళ్ళద్దాల మీదుగా చూస్తోంది. చేతులు చలికి కొయ్యబారాయి. నీ పని అయిపోయింది షమీనా, పెట్టె సర్దుకో అనుకున్నాను. అవ్వ కూర్చోగానే అనే మాట గుర్తొచ్చి, ఏమీ తోచక, బిస్మిల్లా అని మూడో పోగు పట్టుకున్నాను.

అక్కడి నుంచి నా వేళ్ళు నా మాట వినలేదు. వేరేగా ఎలా చెప్పాలో తెలియదు. పోగు తర్వాత పోగు పట్టుకోవడం, మెలి తిప్పడం, వదలడం. నేను పక్కన కూర్చుని చూస్తున్నట్టే ఉంది. భయం కూడా వేయలేదు, హాయిగా ఉంది. కాసేపటికి డొరతీ వింతగా చూసి, ఆ వేలితో ఎవర్ని చూపిస్తున్నావని అడిగింది. చూసుకుంటే నా చూపుడువేలు నిటారుగా నిలబడి ఉంది. మడవబోయాను. మడవలేకపోయాను.

ఆమె టీ పెట్టడానికి లోపలికి పోయింది. సగం దాటాక నాకు పెద్ద తుమ్ము వచ్చింది. జలుబు లేదు, ఏమీ లేదు. ఆ అదురుకు రెండు పోగులు ఒకే మెలిలో కలిసిపోయాయి. విడదీస్తే తెగుతాయేమోనని అలాగే వదిలేశాను. ఎందుకో చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుని, మళ్ళీ మొదలుపెట్టాను. డొరతీ ఒక కప్పు టీతో వచ్చేసరికి మామూలుగా పని చేసుకుంటున్నాను. ఆ తప్పు ఆమెకు చెప్పలేదు. చెబితే పని పోతుందని భయం.

గంటన్నరలో మొత్తం అయిపోయింది. డొరతీ చేతులు కడుక్కోమంది. చూస్తే బొటనవేలు, నడిమివేలు కొసలు బూడిదరంగుగా ఉన్నాయి. ఆ కార్ఖానాలో పొయ్యి లేదు. పాత మగ్గం దుమ్మే అయ్యుంటుందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అయినా ఆ రెండు వేళ్ళకే ఎందుకు అంటిందో తెలియదు.

పని ఇచ్చింది! బస్సు దిగీ దిగగానే కాలింగ్ కార్డు కొని ఇంటికి ఫోన్ చేశాను. ఈ పని సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, కుదిరాకే చెబుదామని. నేను నోరు తెరిచేలోపే నాయన మొదలుపెట్టాడు.

"మీ అవ్వ మజ్జాన్నం మూడు దాటినాక పండుకుంది మ్మా. నిద్దర్లో ఒకటే చేతులాడిస్తాంది. ఎంత లేపినా లేయలే. డాక్టర్ని పిలుచుకోనొస్తే, బీపీ బాగనే ఉండాది, ఏం కాలేదనె. ఐదైనాక ఆయమ్మే లేసి కూసునె."

ఇంతలో అవ్వ ఫోను లాక్కుంది.

"ఏమే, ఆడ ఇంత సలేందే! చేతేళ్ళు కొంకర్లు పోయినాయి. ఆ తెల్లామె ఎవురు, నెత్తిన నిలబడుకోని సూస్తాండాది? నీకైతే టీ తెచ్చిచ్చె. నాకో గుక్కెడు ఇయ్యాలని తెలీలేదా ఆయమ్మకి?"

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కల వచ్చి ఉంటుంది, ముసలితనం అనుకున్నాను. సైన్సు చదివిన మనిషిని కదా.

కానీ సైన్సు చదివిన ఆ మనిషే రెండు వారాల తర్వాత ఏం చేసిందో వినండి. ఇంకో పడుగు అతకాల్సి వచ్చింది. ముందురోజు ఫోన్ చేసి, "అవ్వా, రేపు మూడున్నరకు కొంచెం నిద్రపోవా" అని అడిగాను.

"నేనేమన్నా నీ జీతగత్తెనా!" అని ఎగిరిపడింది. అయినా పడుకుందట పాపం. దుప్పటి కూడా కప్పుకుందట, చలికి. కానీ నిద్ర రాలేదు. "నువ్వు పండుకోమంటే యాడొస్తాదే నిద్దర?" అంది తర్వాత.

ఆ రోజు నేను ముట్టుకున్న ప్రతి పోగూ తెగింది. ఇక దాచలేక డొరతీకి నిజం చెప్పేశాను, పని రాదని, అబద్ధం రాశానని. అవ్వ సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె నవ్వి, మొదటి రోజు నువ్వు తెంపిన రెండు పోగులు చూసే అనుకున్నాను అంది. ఆ తర్వాత చేసిన పని కూడా చూశాను, ఆ చేతులకు మళ్ళీ నేర్పిస్తే పోలా అంది. కండెలకు పట్టుదారం చుట్టడానికి పెట్టుకుని, మెల్లగా నేర్పింది. చలికాలం దాటేసరికి నిజంగానే వచ్చేసింది, అదీ అందరిలాగే చూపుడువేలితో. చదువు పూర్తయ్యేదాకా అక్కడే చేశాను. వచ్చేటప్పుడు, నేను మొదటిరోజు అతికిన అతుకులున్న జానెడు గుడ్డ ముక్క గుర్తుగా ఇచ్చింది.

బెంగుళూరు నుంచి బస్సులో పెనుకొండ దాకా వచ్చాను. నాయన అక్కడికే మోపెడ్ తెచ్చి నన్నూ నా పెట్టెనూ ధర్మవరం చేర్చాడు. అవ్వకు ఉన్ని శాలువా తెచ్చాను. కప్పితే, "ఆ పొద్దే ఇచ్చింటే బాగుండు" అంది.

అప్పటికి అవ్వకు చూపు పూర్తిగా పోయింది. ఏమీ చెప్పకుండా ఆ గుడ్డ ముక్క చేతిలో పెట్టాను. బొటనవేలితో అతుకుల వెంబడి ఒక కొస నుంచి తడుముకుంటూ పోయింది. సగం దాటాక వేలు ఆగింది. ముందుకు పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఈడ నాకు తుమ్మొచ్చె. రెండు పోగులు కలిసిపాయె" అంది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, "ఆయమ్మకు చెప్పలేదు గదా?" అని అడిగింది.

"లేదవ్వా" అన్నాను.

ఆ తుమ్ము సంగతి నేను ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. వెలుతురులో పెట్టి చూస్తే ఆ రెండు పోగులు అక్కడే ఉన్నాయి. ముక్క ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఆ తర్వాత మూడేళ్ళకు అవ్వ పోయింది. పోయాక ఒక్కసారి కూడా నాకు కనబడలేదు, కలలో కూడా రాలేదు. బతికుండగా ఇంగ్లండు దాకా వచ్చిన మనిషి, చచ్చాక ధర్మవరం నుంచి హిందూపురం రాలేకపోయింది. చాలా రోజులు ఎదురుచూశాను కూడా. అందుకే దయ్యాలున్నాయంటే నేను ఇప్పటికీ నమ్మను.